పట్టపగలు చుక్కలు చూసిన లెన్సమ్మ

పావగడ బస్టాండులో టీ తాగుతుంటే పాత జీపు డ్రైవరొకాయన కనిపించాడు. "మన లెన్సమ్మ పోయిందంటప్పా, మైసూరులో" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే పక్క బెంచీ మీది ముసలాయన అందుకుని, "అయ్యో, మంచి కండ్ల డాక్టరు. మా అత్తకు చూపు తెప్పించింది ఆమే గదా" అన్నాడు.

ఆమె కళ్ళ డాక్టరు కాదు. జన్మలో ఒక్క కంటిలోకి టార్చి వేసి చూసిన పాపాన పోలేదు. ఆమె చూసిందల్లా ఆకాశాన్ని. అదీ కళ్ళతో కాదు, కోళ్ళ జాలీతో. ఈ సంగతి ముసలాయనకు చెప్పబోయి ఊరుకున్నాను. మా తాలూకాలో ఆ పొరపాటు రెవెన్యూ రికార్డు కంటే గట్టిగా పాతుకుపోయింది. దాన్ని పీకితే ఆమె కూడా వేళ్ళతో సహా ఊడి వచ్చేస్తుంది.

ఆమె అసలు పేరు నేను రాయను. ఆ పేరుతో ఆమెను పిలిచినవాళ్ళు మా వైపు ఒక్కరూ లేరు.

ఆమె వచ్చింది తొంభైల మొదట్లో. అప్పట్లో మేఘాలు మా పావగడలో బస్సు మారడానికి మాత్రమే ఆగేవి. మాకు మూడు దిక్కులా ఆంధ్రా. ఉన్నది కర్ణాటకలో. ఏ ప్రభుత్వం తరఫున కురవాలో తేల్చుకోలేక అవి కాసేపు నిలబడి హిందూపురం వైపు వెళ్ళిపోయేవి. శెనక్కాయ విత్తు భూమిలోంచి తల బయటపెట్టి, పైకి ఒకసారి చూసి, మళ్ళీ ముసుగు తన్ని పడుకునేది. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు పిల్ల రంగు అడగడం మానేసి, మీ బోరులో ఎన్ని అంగుళాల నీళ్ళని అడిగేవాళ్ళు. పట్టపగలు చుక్కలు కనిపించని రైతు ఆ రోజుల్లో తాలూకా అంతా గాలించినా దొరకడు. అయితే జీతం పుచ్చుకుని మరీ పట్టపగలు చుక్కలు చూడడానికి వచ్చిన మొదటి మనిషి ఆమె.

నిడుగల్లు కొండకు ఇవతల, గొర్రెలు కూడా మొహం తిప్పుకుని పోయే రాళ్ళ బీడు ఒకటుంది. టౌను వైపు నుంచి వచ్చే రేడియో గోలకు కొండ అడ్డంగా ఉంటుందని ఆ బీడే కావాలని పట్టుబట్టింది. అక్కడ ఇనుప పైపులు పాతించి, వాటి మీద ఇంత పెద్ద తిరగేసిన గొడుగులాంటిదాన్ని నిలబెట్టింది. గొడుగుకు గుడ్డ లేదు, జాలీ ఉంది. ఊరంతా కోళ్ళ ఫారం వస్తోందని నిర్ణయించేసి, గుడ్ల ధర గురించి తగాదాలు కూడా మొదలుపెట్టింది. నెలలు గడిచినా ఒక్క కోడీ రాకపోయేసరికి, కోళ్ళు పైనుంచి దిగుతాయేమోనని కొందరు ఎదురు చూశారు.

మనిషి వేషం కూడా అలాగే ఉండేది. చీర మీద మగవాళ్ళ చొక్కా, తలకు తువ్వాలు, కాళ్ళకు పోలీసు బూట్లు. ఎడమ జేబులో వేయించిన శెనక్కాయలు. తిన్న పొట్టు కింద వేయదు, కుడి జేబులో వేసుకుంటుంది. సాయంత్రమయ్యేసరికి ఎడమ జేబు ఉపవాసం, కుడి జేబు నిండు చూలాలు.

మైసూరు కన్నడం మనిషి. తెలుగు మాత్రం మా బస్సు కండక్టర్ల దగ్గర నేర్చుకుంది. అందువల్ల ఆమె తెలుగులో సగం "ముందుకు జరగండప్పా" ఉండేది. ఆ "ప్పా"కి ఆడా మగా తేడా లేదు. మా అవ్వను "ఏమప్పా అవ్వా" అనేది. అవ్వ పెంచే మేకను కూడా "ఏమప్పా" అనే పలకరించేది, మేక కూడా గౌరవంగా నిలబడేది. ఎంత తెలుగు నేర్చినా ఒక్క కన్నడం మాట మాత్రం వదల్లేదు. ఎవరైనా "ఇది కాదమ్మా, కుదరదు" అంటే చాలు, శెనక్కాయ పటుక్కుమని నలిపి, "యాకాగల్ల?" అనేది. ఎందుకు కాదు అని. అది ప్రశ్న అనుకుని జవాబు చెప్పడానికి పూనుకున్నవాళ్ళు చాలామంది పొద్దు గూకినా ఇంటికి పోలేదు.

నేను ఆమెను ఎదుర్కొన్నది శత్రువుగా. అప్పుడు నాకు నిడుగల్లులో రేడియో, టీవీ రిపేరి అంగడి ఉండేది. మా వైపు టీవీ బొమ్మ సరిగ్గా పడేది కాదు. అందుకని బూస్టరు అనే డబ్బా ఒకటి యాంటెన్నాకు తగిలించేవాణ్ణి. బూస్టరు తగిలిస్తే తెర మీద ఉన్న ఇసుక తుఫాను కాస్తా మంచు తుఫానుగా మారేది. జనం సంతోషించేవాళ్ళు. ఊళ్ళో మిద్దె మిద్దెకీ నా బూస్టరే.

ఒకరోజు ఆమె చేతిలో చీపురులాంటి యాంటెన్నా, మెడలో గుయ్యిమనే పెట్టె తగిలించుకుని వీధి వెంట వచ్చింది. చీపురు ఎటు తిరిగితే ఆమె అటు తిరుగుతూ వచ్చి, నా అంగడి ముందు ఆగింది. పెట్టె కీచుమంది.

"ఈ గోల నీదేనా అప్పా?"

"ఏం గోలమ్మా? ఈడ నేనొక్కణ్ణే ఉండాను. నోరు కూడా తెరవలేదు."

"నీ బూస్టర్లు. ఒక్కొక్కటీ ఈల వేస్తా ఉండాది. నా చుక్క మాట నాకు వినపడ్లేదు."

చుక్క మాట్లాడడమేమిటని అడిగాను. అడగకుండా ఉండాల్సింది. ఆమె బెంచీ మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. చుక్కంటే చుక్క కాదట. చుక్కలన్నిటికీ అవతల, ఊహకు కూడా బస్సు టికెట్టు దొరకనంత దూరంలో మండుతున్న ముద్ద ఒకటుందట. దాన్నుంచి రేడియో తరంగాలు మనదాకా వస్తాయట. దారిలో మహా బరువైన నక్షత్రాల గుంపు ఒకటి అడ్డం వస్తే, ఆ బరువుకు తరంగాలు వంగి, దానికి ఆ పక్క నుంచి కొన్ని, ఈ పక్క నుంచి కొన్ని మనల్ని చేరతాయట. అందువల్ల ఉన్నది ఒక్కటే అయినా మనకు రెండుగా కనిపిస్తుందట. ఆ అడ్డమున్న బరువునే లెన్సు అంటారట.

నాకు ఠక్కున వెలిగింది. "అంటే మా మామ మాదిరి. ఆయనకు ఆంధ్రాలో ఒక రేషన్ కార్డు, కర్ణాటకలో ఒక కార్డు. ఇద్దరి పేరూ ఒకటే, నాయన పేరూ ఒకటే. మనిషి మాత్రం ఒక్కడే."

ఆమె శెనక్కాయ నలపడం ఆపేసింది. "అదే అప్పా. నడుమ బార్డరు ఉండబట్టే గదా మీ మామ ఇద్దరైనాడు. ఆ బార్డరే నా లెన్సు."

ఆ రోజు నుంచి నన్ను చదువుకున్నవాళ్ళ జాబితాలో చేర్చేసింది. చేర్చాక ఇక వదిలిపెడుతుందా? పొద్దుటి పూట, ఆమె జంట చుక్క నెత్తి మీదికి వచ్చే వేళకు, ఊరి బూస్టర్లన్నీ ఆపించాలంది. ఆ మాటంటే ఊరు నన్ను ఉరి తీస్తుందన్నాను. "యాకాగల్ల?" అంది. రోజూ వచ్చి నా బెంచీ మీద కూర్చుని అదే అడిగింది. ఆమెను చూసి గిరాకీలు పక్కవీధికి పోవడం మొదలయ్యాక నేను లొంగిపోయాను. మిద్దె మిద్దె ఎక్కి, పొద్దుటి ఎండలో బూస్టరు వేసి ఉంచితే టీవీ పేలి పెంకులు కళ్ళల్లో గుచ్చుకుంటాయని ప్రచారం చేశాను. సైన్సు కోసం మా ఊళ్ళో జరిగిన మొదటి ఉద్యమం అది.

ఇంతలో అసలైన ఉపద్రవం తన కాళ్ళ మీద తాను నడిచి వచ్చింది. ఆమె పీహెచ్‌డీ మనిషి కదా, ఆమెకిచ్చిన సర్కారు జీపు డ్రైవరు ఎక్కడికి పోయినా "మా డాక్టరమ్మ" అనేవాడు. ఏం చేస్తుందని అడిగితే "లెన్సుల పని" అనేవాడు. అబద్ధమేమీ లేదు. కాని అప్పుడప్పుడే మా వైపు కంటి శుక్లం తీసి లోపల లెన్సు వేస్తారనే వార్త పాకుతోంది. డాక్టరు అనే మాటా, లెన్సు అనే మాటా ఒకే జీపులో ప్రయాణం చేస్తే ఇంక చెప్పేదేముంది? ఒక పొద్దున చూస్తే బీడు నిండా ముసలివాళ్ళు. తాలూకాలో మసకబారిన ప్రతి కన్నూ అక్కడే ఉంది. కర్రలు పట్టుకుని, మనవరాళ్ళ భుజాలు పట్టుకుని, ఒకావిడయితే దూడ తోక పట్టుకుని వచ్చింది. అందరికంటే ముందు, జాలీ కింద నీడలో తువ్వాలు పరుచుకుని, మా అవ్వ.

డ్రైవరు, "మీరనుకునే లెన్సు కాదవ్వా, లేయండి" అని అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. ఆమె షెడ్డులోంచి బయటికి వచ్చింది. ఏం కావాలని అడిగింది. అవ్వ డాక్టరుకు చెప్పినట్టే చెప్పింది.

"ఒగ దీపం పెడితే రెండు దీపాలు కనపడతాయి తల్లీ. ఒగటి కొంచెం మేలు. రెండోది సున్నం నీళ్ళు చల్లినట్టు అలుక్కోని ఉంటాది. ఉండేది ఒగటేనని తెలుసు. యాది నిజమో తెలీదు."

ఆమె వచ్చి అవ్వ పక్కనే రాయి మీద కూర్చుంది.

"నా చుక్కకీ ఇదే జబ్బప్పా అవ్వా" అంది.

ఆమె జంటలోనూ ఒకటి తేటగా, ఒకటి అలుక్కుపోయి వస్తుందట. రెండోదాని దారిలో కరెంటెక్కిన పలచటి ఆవిరిలాంటిది ఉండి, తరంగాలను చెదరగొడుతుందని ఆమె అనుమానం. మిల్లు దగ్గర శెనక్కాయ పొట్టు దుమ్ములోంచి జీపు లైటు చూస్తే ఎలా చెదిరి కనిపిస్తుంది, అలాగ. ఆ సంగతి ఆమె మైసూరులో చెప్తే పెద్ద పెద్ద చదువులవాళ్ళు తలలూపారు. ఇక్కడ అవ్వ, "నాకు తెలుసమ్మా ఆ బాధ" అంది.

కంటి డాక్టరు కాదని తెలిశాక కూడా ఒక్కరూ లేవలేదు. డాక్టరు కాకపోతే డాక్టరు దగ్గరికి తీసుకుపో అన్నారు. సర్కారు జీపులో జనాన్ని ఎక్కించడం కుదరదని డ్రైవరు గుర్తుచేశాడు. ఏ ప్రశ్న వచ్చిందో మీకు తెలుసు. తుమకూరులో ఆమెతో చదువుకున్న స్నేహితురాలు కంటి ఆసుపత్రిలో ఉండేది. ఆ జీపు తుమకూరుకు ఎన్ని ట్రిప్పులు తిరిగిందో కాని, ఒక్కో ట్రిప్పులో ఒక్కో గ్రామ పంచాయతీ పట్టేది. లాగ్ పుస్తకంలో ప్రతిసారీ "లెన్సుల పని మీద" అనే రాసింది. ఆడిటు కూడా పట్టుకోలేకపోయింది.

అవ్వకు ఒక కన్నే చేశారు. రెండోది తర్వాత చేద్దామన్నారు. కట్టు విప్పాక అవ్వ దీపం ముందు కూర్చుని, ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచి, మళ్ళీ మార్చి చూసి నవ్వుకునేది. ఆమె వచ్చి అది చూసి, "నాకు కావాల్సింది ఇదేనప్పా. నీ కొత్త కన్ను పక్కన పెట్టుకుని నీ పాత కన్నులో ఏముందో చెప్పచ్చు. నా జంటతో కూడా అంతే. మసక లేకపోతే దారిలో ఏముందో చెప్పేవాళ్ళే లేరు" అంది.

పైవాళ్ళకు మాత్రం ఆ మసక నచ్చలేదు. వాళ్ళ పెద్దసారు బెంగళూరు నుంచి వచ్చి, ఈ జాలీ పట్టే తరంగం మీద అన్నీ అలుక్కుపోయే వస్తాయి, దానికి తోడు ఈ బావి మోటార్ల గోల, ఇది దండగ, మూసేయండి అన్నాడు. మోటార్ల సంగతి నిజమే. త్రీఫేజు కరెంటు మాకు పూటకు కొద్ది గంటలే వచ్చేది. వచ్చిందంటే చుట్టూ ఉన్న స్టార్టర్లన్నీ ఒక్కసారి టపటపలాడేవి. షెడ్డులో బ్యాటరీ మీద నడుస్తూ తరంగాలను చార్టు మీద గీతగా గీసే పెన్ను జాతరలో పూనకం వచ్చినట్టు ఊగేది. ఆ నెల ఆమె జంట నెత్తి మీదికి వచ్చే వేళా, కరెంటు వచ్చే వేళా ఒక్కటే. సారు ఒక వారం గడువిచ్చాడు. వారంలో గోల లేని రికార్డు చూపిస్తే సరి. లేకపోతే జాలీ విప్పి లారీ ఎక్కించాలి, ఆమె బెంగళూరులో కుర్చీలో కూర్చోవాలి.

ఆమె కరెంటు సెక్షన్ ఆఫీసుకు వెళ్ళింది. మోటార్లు ఆపమనలేదు. శెనక్కాయ ఊడలు దిగుతున్న కాలం, ఒక్క తడి తప్పినా పంట పోతుందని ఆమెకు తెలుసు. పొద్దుటి కరెంటు మధ్యాహ్నానికి మార్చండి, ఒక్క వారం, గంటలు తగ్గించవద్దు అని అడిగింది. ఆఫీసరు "ఆగల్ల మేడం" అన్నాడు. ఎందుకని అడిగితే, పైనుంచి ఆర్డరు కావాలన్నాడు. పైవాళ్ళను అడిగితే, కిందినుంచి ప్రతిపాదన రావాలన్నారు.

ఆ సాయంత్రం నా అంగడిలో కూర్చుంది. జేబులోకి చెయ్యి పెట్టింది కాని శెనక్కాయ తీయలేదు. "ఈసారి ఆగల్లేమో అప్పా" అంది. ఆ నోట ఆ మాట వింటే నాకు భూకంపం కంటే ఎక్కువ భయమేసింది. టార్చిలైటు బాగుచేయించుకోవడానికి వచ్చిన మా అవ్వ పక్కనే ఉంది. టార్చి కూడా మరిచిపోయి వెళ్ళిపోయింది.

మర్నాడు కరెంటు వచ్చే వేళకు బీడు పక్కన ట్రాన్స్‌ఫార్మర్ కింద లెన్సులు వేయించుకున్న ముసలమ్మలంతా కొలువు తీరి ఉన్నారు. వక్కాకు నమలడం, ఉమ్మడం ఎవరి పాటికి వారివి. మూడు ఫీజులూ మా అవ్వ ఒడిలో ఉన్నాయి. పీకి ఇచ్చింది లైన్‌మ్యానే. అతని తల్లి కూడా లెన్సు మనిషే, ఆ గుంపులోనే ఉంది. సర్కారు ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవచ్చు, ఇంట్లో సంగటి పెట్టేది ఎవరని అతను నాతో అన్నాడు.

రైతులు పరిగెత్తుకొచ్చారు. ఒకడు, చేనెండిపోతావుంటే నీకేమి ముసలి తిక్క అని అవ్వ మీదికి లేచాడు.

"నాదీ ఎండతా ఉండాది రా" అంది అవ్వ. "నీళ్ళు ఒద్దని ఎవురు జెప్పినారు? పొద్దున బదులు మధ్యాన్నం ఇయ్యమంటా ఉండాము. ఆయమ్మ అడిగితే ఇయ్యరంట. మనమడిగితే ఎట్లియ్యరో సూద్దాం, కూకో."

పొద్దునైతేనేమి, మధ్యాహ్నమైతేనేమి, వచ్చేదైతే చాలని వాడు కూర్చున్నాడు. వాడి వెనక మిగతావాళ్ళూ కూర్చున్నారు.

సెక్షన్ ఆఫీసరు మోటారు సైకిలు మీద దూసుకొచ్చాడు. షెడ్డులోంచి ఆమె పరుగున ఎదురెళ్ళి, "బండి ఆడనే ఆపి నడిచి రాప్పా, నీ బండీ ఈల వేస్తాది" అంది. అంత దూరం ఎండలో నడిచి వచ్చేసరికి అతని కోపం సగం ఆవిరైపోయింది. పోలీసు కేసు పెడతానన్నాడు. పెట్టుకో, తుమకూరు జైలు కంటి ఆసుపత్రి పక్కనేనంట, రెండో కన్ను కూడా చేయించుకుని వస్తామని ముసలమ్మలు సంతోషించారు. ఆ మధ్యాహ్నం పైనుంచి ఆర్డరూ రాలేదు, కిందినుంచి ప్రతిపాదనా పోలేదు. కరెంటు మాత్రం వచ్చింది. వారమంతా అదే వరస. పొద్దున ఫీజులు అవ్వ ఒడిలో, మధ్యాహ్నం స్తంభంలో.

వారం చివరిరోజు పెద్దసారు దిగాడు. షెడ్డులో చార్టు ముందు నిలబడ్డాడు. పెన్ను దారం లాగినట్టు నిదానంగా పోతోంది. జంట నెత్తి మీదికి వచ్చేసరికి మెత్తగా గుట్టలా లేచి, మళ్ళీ మెత్తగా దిగింది. ఒక్క ముల్లు లేదు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. మోటార్ల గోల ఏమైందని అడిగాడు.

"లెన్సులు వేయించినాను సార్" అంది ఆమె.

ఆయన బయటికొచ్చి జాలీ చుట్టూ తిరిగాడు, ఎక్కడ వేయించిందోనని. ఆమె ఆయన్ను ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి తీసుకొచ్చింది. అప్పటికి మధ్యాహ్నం కరెంటు వేళయింది. రైతులు లేచి నిలబడ్డారు. ఆఫీసరు ఫీజుల కోసం చెయ్యి చాపాడు. అవ్వ ఆయన్ను చూడనేలేదు. జాలీ ఉంచే సంగతి పెద్దసారు ఏమన్నాడో చెప్పమని నన్నడిగింది.

సారు "నోడోణ" అన్నాడు. చూద్దామని.

నేను తెలుగులో చెప్పబోతే అవ్వ ఆపింది. "ఆ మాట మాకు కన్నడంలోనే తెలుసు. రోడ్డడిగితే నోడోణ. చెరువు పూడిక తీయమంటే నోడోణ. ఈ తాలూకా అంతా నోడోణలోనే ఉండాది." ఫీజులు ఒడిలోకి ఇంకొంచెం లోపలికి జరుపుకుని కొంగు ముడి వేసింది.

రైతులు సారు చుట్టూ చేరారు. ఎవరూ అరవలేదు. ఊరికే దగ్గరగా నిలబడ్డారు. ఎండకు ఎండిన మనుషులు అలా దగ్గరగా నిలబడితే అరుపు అక్కరలేదు. సారు తువ్వాలు చుట్టుకున్న ఆమె వైపు చూశాడు. ఆమె ఆయన్ను కాపాడే ప్రయత్నమేమీ చేయలేదు.

"సరే, ఇంకో ఏడాది ఉండనివ్వండి" అన్నాడు.

అవ్వ, "రాసియ్యమను" అంది.

ఆయన జేబులు తడుముకున్నాడు. దొరికిన కాగితం మూసేయమనే ఆర్డరొక్కటే. వెనక వైపు తెల్లగా ఉంది. ఆమె పెన్ను మూత తీసి పట్టుకుంది. ఆయన రాయబోతూ, ఉక్రోషం పట్టలేక, ఈవిడకు చదువొచ్చా అని నన్నడిగాడు.

జవాబు నన్ను చెప్పనీయకుండా అవ్వే చెప్పింది.

"సదువు రాదు నాయనా. కానీ ఇప్పుడు కనపడతాది. రాయి."